మూడడుగుల నాలుగంగుళాల ఎత్తులో

సంహిత పోయిన నాలుగు నెలలకు పిల్లి పొట్ట మీద బొచ్చు మొత్తం పోయింది.

రాలిపోవడం కాదు. అదే నాకి నాకి, పళ్ళతో పీకి పీకి పోగొట్టుకుంది. పశువుల డాక్టరు దాన్ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, గులాబిరంగు చర్మాన్ని వేలితో తడిమి చూసి, "గజ్జీ కాదు, ఇంకోటీ కాదు. దిగులండీ. ఇంట్లో దీనికి పనేమీ లేదు, ఆడేవాళ్ళు లేరు. ఎవరో ఒకరు రోజూ కాసేపు ఆడించండి," అన్నాడు. సంహిత తల్లి హైమవతి తలూపి, మందుచీటీ తీసుకుని బయటికి వచ్చేసింది. నాలుగు గోడల మధ్య మగ్గిపోయే పిల్లుల దిగులు పోగొట్టడమే తన ఉద్యోగమని ఆయనకు చెప్పలేకపోయింది.

పసుపుపచ్చటి ఒంటి మీద తాలింపు రంగు చారలున్న ఆ పిల్లికి పులిహోర అని పేరు పెట్టింది సంహితే. "పులిలా ఉంది, పసుపుగా ఉంది. ఇంకేం పేరు పెడతారు?" అని ఏడేళ్ళ వయసులో గద్దించి అడిగింది. తొమ్మిదేళ్ళు నిండిన అయిదు నెలలకు, వానాకాలంలో డెంగీ వచ్చి, నాలుగే నాలుగు రోజుల్లో వెళ్ళిపోయింది.

విశాఖపట్నంలో, మధురవాడ కొండల వైపు, ఏడో అంతస్తులో వాళ్ళ ఇల్లు. పావురాలు రాకుండా బాల్కనీకి వల కట్టించారు. డాక్టరు దగ్గరికి తప్ప పులిహోర ఇంటి గడప దాటి ఎరగదు. సోఫా, ఫ్రిజ్జు, భోజనాల బల్ల, వల అవతల కాస్త ఆకాశం. అంతే దాని లోకం. ఆ లోకంలోకి రోజూ నాలుగింటికి సంహిత సుడిగాలిలా వచ్చిపడేది. జడ రిబ్బను విప్పి, కొబ్బరి ఈనె చివర ముడేసి, చెయ్యి చాచి అటూ ఇటూ ఊపుకుంటూ బల్ల చుట్టూ పరిగెత్తేది. మూడు చుట్లు. నాలుగో చుట్టుకి ఆయాసం వచ్చి ఫ్రిజ్జు ముందు కాళ్ళు చాపి కూలబడేది. పులిహోర ఒక్క దూకు దూకి ఆ తొడల మీదెక్కి ముడుచుకునేది.

ఇప్పుడు కూడా స్కూలు వ్యాను నాలుగింటికి వస్తూనే ఉంది, అపార్టుమెంటులోని మిగతా పిల్లల కోసం. హారను వినగానే పులిహోర వెళ్ళి తలుపు ముందు కూర్చుంటుంది. చీకటి పడేదాకా కదలదు. హైమవతి భర్త గిరిధర్ రేవులో ఓడల్ని లాగే టగ్ బోట్ల ఇంజనీరు. ఆయన ఇంటికొచ్చి తలుపు తెరిస్తే పిల్లి ఒక్కసారి తలెత్తి చూసి, మళ్ళీ దించుకుంటుంది. ఆయన దాన్ని దాటుకుని లోపలికి వస్తాడు. కూతురు పోయినప్పటి నుంచి ఆయన నోట కూతురి పేరు రాలేదు. ఆ పేరు లేకుండా మాట్లాడుకోవడానికి ఆ ఇంట్లో పెద్దగా మాటలు కూడా మిగల్లేదు.

*

హైమవతి పనిచేసే ప్రయోగశాలలో పదకొండో నంబరు పిల్లి ఒకటుండేది. బూడిదరంగుది, గుమ్మడికాయంత. ఎవరో ఫ్లాట్లో పెంచి, అది పరుపులన్నీ తడిపేస్తోందని తెచ్చి వదిలేశారు. తిండి గిన్నె దాకా నడవడానికి కూడా బద్ధకించేది. డిసెంబరులో ఒక రోజు దాని చెవుల వెనక చర్మం కింద ఆవగింజంత చిప్పులు రెండు పెట్టి, మెడకు సన్నటి పట్టీ కట్టారు. ఇంజనీరు ఫర్హానా కంప్యూటరు ముందు కూర్చుని మీట నొక్కింది.

పదకొండో నంబరు చెవులు నిక్కబొడుచుకున్నాయి. పొట్ట నేలకు ఆనించింది. వెనకభాగం ఇటూ అటూ ఆడించింది. ఆ గదిలో గోడలు తప్ప ఏమీ లేవు. అయినా అది ఎగిరింది. అంత ఒళ్ళేసుకుని అంత ఎత్తు ఎగిరి, గాలిలో ఏదో పట్టుకుని, కిందపడి, మళ్ళీ తరిమింది. చూస్తున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

"పావురం," అంది ఫర్హానా తెర మీద గీత చూసి. "కిటికీలోంచి రోజూ చూసేదే. దాని మనసులో ఉన్నదాన్నే తీసి దాని కళ్ళ ముందు పెట్టాం. మనం కొత్తగా ఏమీ పెట్టలేదు."

వేటపట్టీ అంటే అంతే. ఏ పిల్లికి దేన్ని తలుచుకుంటే ప్రాణం లేచొస్తుందో వెతికి, దాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తుంది. కొన్నిటికి బల్లి, కొన్నిటికి ఎలుక, ఎక్కువ వాటికి పావురం. పిల్లి చూపు ఎక్కడుందో, నేల నుంచి ఎంత ఎత్తున, ఎంత వేగంతో కదులుతోందో పట్టీ రాసి పెడుతుంది. నెల తిరిగేసరికి పదకొండో నంబరు సన్నబడింది, పరుపులు తడపడం మానేసింది.

జనవరిలో, అనుమతి తీసుకుని, పులిహోర చెవుల వెనక కూడా చిప్పులు పెట్టించి, హైమవతి ఒక పట్టీ ఇంటికి తెచ్చింది.

మొదటిసారి కట్టింది ఆదివారం మధ్యాహ్నం. గిరిధర్ డ్యూటీకి వెళ్ళాడు. వంటింట్లో నూకరత్నం గిన్నెలు తోముతోంది. సంహిత పుట్టకముందు నుంచీ ఆ ఇంట్లో పనిచేస్తున్న మనిషి ఆమె. సంహితకు స్నానాలు చేయించింది, జడలు వేసింది.

మీట నొక్కగానే తలుపు దగ్గర ముడుచుకుని ఉన్న పులిహోర లేచి నిలబడింది. బల్లి కోసం గోడ వైపు చూడలేదు. పావురం కోసం బాల్కనీ వైపు చూడలేదు. హాలు మధ్యలో, గాలిలో, నడుము ఎత్తున దేనినో చూసింది. ఆ దేనినో తరుముకుంటూ భోజనాల బల్ల చుట్టూ పరిగెత్తింది. ఒక చుట్టు. రెండు. మూడు. నాలుగో చుట్టులో ఫ్రిజ్జు ముందుకి వచ్చి ఆగిపోయింది. ముందుకాలు ఒకటి ఎత్తి, నేలకి నాలుగు వేళ్ళ పైన గాలిలో పెట్టబోయింది. కాలు జారి నేలకి తగిలింది. మళ్ళీ ఎత్తి పెట్టింది. మళ్ళీ జారింది. ఎక్కడానికి అక్కడ ఏమీ లేదని దానికి అర్థం కావడం లేదు.

వంటింటి గుమ్మంలో గిన్నె కింద పడిన చప్పుడయింది.

"అమ్మా," అంది నూకరత్నం. సబ్బునురగ మోచేతుల మీదుగా కారుతోంది. "అది మన గుంటతో ఆడతన్నాదమ్మా."

హైమవతి నేల మీద కూర్చుండిపోయింది. టాబ్లెట్ తెర మీద అంకె కనిపిస్తోంది: మూడడుగుల నాలుగంగుళాలు. ఈనె పట్టుకున్న సంహిత చెయ్యి సరిగ్గా అంతే ఎత్తులో ఉండేది.

మరుసటి రోజు మీట నొక్కి, తనే వెళ్ళి ఫ్రిజ్జు ముందు కాళ్ళు చాపుకుని కూర్చుంది. మూడు చుట్లు తిరిగి వచ్చి పులిహోర ఆమె తొడల మీదికెక్కింది. గుండ్రంగా ముడుచుకుని, గొంతులో గురగుర మొదలుపెట్టింది. కళ్ళు మాత్రం హైమవతి ముఖం వైపు లేవు. ఆమె ముఖానికి ఒక జానెడు కిందుగా, ఇంకెవరి ముఖాన్నో చూస్తున్నాయి. హైమవతి కదల్లేదు. కదిలితే ఆ చూపు చెదిరిపోతుందని భయపడింది.

*

రోజుకి రెండుసార్లు, పావుగంట చొప్పున పట్టీ వాడాలని నియమం రాసింది హైమవతే. వారం తిరక్కుండానే అది మూడుసార్లయింది. తరవాత నాలుగు. ప్రయోగశాల నుంచి మూడింటికే బయలుదేరి వచ్చేసేది. పులిహోర పొట్ట మీద సన్నటి నూగు మొలిచింది. తిండి సయించింది. వ్యాను హారను వినిపించినా తలుపు దగ్గరికి పోవడం తగ్గించింది. డాక్టరు చూసి సంతోషించాడు. "ఆడిస్తున్నారన్నమాట. అదీ!" అన్నాడు.

హైమవతి గిరిధర్‌కి చెప్పలేదు. చెప్పకూడదని అనుకున్నదీ లేదు. ఆయన ఇంటికొచ్చే ముందు పట్టీ విప్పి సొరుగులో పెట్టేసేది. ఆయన స్నానం చేసి, టీవీ శబ్దం తగ్గించుకుని, తెర వైపు చూస్తూ కూర్చునేవాడు. పులిహోర ఆయన పక్కన సోఫా మీద పడుకునేది. "కోలుకుంది," అన్నాడు ఒక రోజు దాని వీపు నిమిరి. ఆ ఒక్క మాటకే ఆమెకు ఏడుపొచ్చి, మంచినీళ్ళ నెపంతో లేచి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి చివర్లో అంకె మారింది. మూడడుగుల అయిదంగుళాలు.

ముందు యంత్రం తప్పనుకుంది. పట్టీ మార్చి చూసింది. అదే అంకె. హాలు మధ్య స్తంభం మీద పెన్సిలుతో చిన్న గీత గీసి, పక్కన తేదీ వేసింది. మార్చి పదికి గీత ఇంకాస్త పైకి జరిగింది. నెలాఖరుకి మూడడుగుల ఏడంగుళాలు. ఆ గీతల ముందు నిలబడి ఆమె వేళ్ళతో కొలుచుకుంది. ఏప్రిల్లో పిల్లకి పదేళ్ళు నిండుతాయి. ఆ వయసులో పిల్లలు కళ్ళ ముందే సాగుతారు. పాత గౌన్లు మోకాళ్ళ పైకి వచ్చేస్తాయి.

జ్ఞాపకం పెరగదని హైమవతికి తెలుసు. పదిహేనేళ్ళుగా మెదళ్ళ గురించి చదువుతున్న మనిషి. అయినా ఆ తెలివిని పక్కగదిలో కూర్చోబెట్టి తలుపు వేసేసింది. పులిహోర ఇప్పుడు ఫ్రిజ్జు దగ్గరికి రావడం మానేసింది. ఆమె కాళ్ళు చాపుకుని కూర్చున్నా అది దాటుకుని పోతోంది. అందుకు కూడా ఆమె దగ్గర సమాధానం ఉంది: పదేళ్ళు వస్తున్నాయి కదా, ఇంకా ఒళ్ళో పిల్లిని పెట్టుకుని కూర్చుంటుందా ఏమిటి?

పుట్టినరోజుకి రెండు రోజుల ముందు, బీరువాలో తన చొక్కా వెతుక్కుంటూ గిరిధర్ ఒక పొట్లం బయటికి తీశాడు. కొత్త గౌను. పది, పదకొండేళ్ళ పిల్లల కొలత. చీటీ ఇంకా వేలాడుతోంది.

"ఎవరికిది?"

హైమవతి మంచం మీద దుప్పటి మడతపెడుతోంది. "సంహితకి."

ఆయన గౌనుని జాగ్రత్తగా, చీటీ నలగకుండా, మళ్ళీ పొట్లంలో పెట్టాడు. "హైమా, ఇలా వచ్చి కూర్చో."

ఆమె కూర్చుని అంతా చెప్పింది. పట్టీ సంగతి, మూడు చుట్ల సంగతి, స్తంభం మీద గీతల సంగతి. చెబుతూ చెబుతూ ఆమె ముఖం వెలిగింది. "పెరుగుతోందండీ. జనవరిలో మూడడుగుల నాలుగు. ఇప్పుడు మూడడుగుల ఎనిమిది. మీరు రండి, చూపిస్తాను."

"చచ్చిపోయిన పిల్లకి ఎత్తు కొలుస్తున్నావా?"

ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ అనని మాట. అన్నాక ఆయనే భయపడ్డట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. లేచి బాల్కనీలోకి వెళ్ళి, వల పట్టుకుని నిలబడ్డాడు. ఆమె వెనకే వెళ్ళింది.

"ఒక్కసారి చూడండి. ఒక్కసారి."

"వద్దు. నాకు చూపించకు." ఆయన వెనక్కి తిరగలేదు. "చూస్తే నేనూ నీలాగే అక్కడే కూర్చుండిపోతాను. మనిద్దర్లో ఒకళ్ళన్నా ఉద్యోగానికి వెళ్ళాలి కదా."

*

పుట్టినరోజు గడిచిన వారానికి ఫర్హానా మధ్యాహ్నం భోజనం అయ్యాక లాప్‌టాప్ పట్టుకుని హైమవతి గదికి వచ్చింది. ఇళ్ళల్లో వాడుతున్న పట్టీల రికార్డులు సరిచూడడం ఆ అమ్మాయి పని.

"మేడమ్, మీ పులిహోరది ఒకటి అడగాలి." తెర ఇటు తిప్పింది. "జనవరిలో ఇలా ఉంది."

తెర మీద గీత ఉయ్యాలలా ఊగుతోంది. నిదానంగా ఇటు, నిదానంగా అటు. మధ్యమధ్య చిన్న ఆగుడు. హైమవతికి చూడగానే తెలిసింది. పిల్లిని ఊరించడానికి సంహిత అలాగే ఒక్క క్షణం ఆపేది.

"ఇది మొన్నటిది."

ఈ గీత ఊగడం లేదు. వణుకుతోంది. సన్నగా, వడివడిగా, పైకి పోతూ.

"దీని పక్కన మన పదకొండో నంబరుది పెడతాను, చూడండి."

రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చున్నాయి.

"పావురం మేడమ్," అంది ఫర్హానా. "రెక్కలు కొట్టుకోవడం. ముందు ఇంకేదో ఉండేది, నాకు తెలీలేదు. ఎవరో చెయ్యి ఊపుతున్నట్టు ఉంది. నెమ్మదినెమ్మదిగా అది పావురం అయిపోయింది. మిగతా ఇళ్ళ పిల్లుల్లోనూ వెతికాను. ఇంకో రెండిట్లో కూడా ఇలాగే జరిగింది. జ్ఞాపకాన్ని బయటికి తీసిన ప్రతిసారీ మెదడు దాన్ని మళ్ళీ కొత్తగా రాసుకుని దాచుకుంటుంది కదా? సరిగ్గా ఆ రాసుకునే వేళకి మన పట్టీ ఉసిగొల్పుతోంది. దేనికి ఎక్కువ హుషారొస్తే అటు జరిపేస్తోంది. రోజంతా బాల్కనీలోంచి కనిపించేవి పావురాలే."

"ఎత్తు పెరిగింది," అంది హైమవతి.

"పక్షి కదా మేడమ్. పైకి పోతుంది."

ఫర్హానా ఆమె ముఖం చూసి లాప్‌టాప్ మూత సగం దించింది.

"ఎన్నిసార్లు పెట్టాను?"

"మూడొందల పన్నెండు."

"ఆ చెయ్యి మా అమ్మాయిది, ఫర్హానా."

ఫర్హానా ఎదురు కుర్చీలోంచి లేచి వచ్చి, హైమవతి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. "ఇప్పుడు ఆపేస్తే మిగిలింది మిగలొచ్చు మేడమ్. ఎంత మిగిలిందో చెప్పలేను. కొంచెం ఉండొచ్చు."

ఆ సాయంత్రం హైమవతి పట్టీ విప్పేసింది.

మొదటి రెండు రోజులు పులిహోర ఇల్లంతా తిరిగింది. బల్ల కింద చూసింది, కిటికీ కర్టెన్ వెనక చూసింది. మూడో రోజు వ్యాను హారను వినగానే వెళ్ళి తలుపు ముందు కూర్చుంది. హైమవతి చేతిలో పని వదిలేసి వచ్చింది. ఇంకా ఉంది. దానిలో ఇంకా పిల్ల ఉంది. అది కూర్చుంటే దాని వెనకే తనూ కూర్చుంది. నాలుగో రోజు అది గిన్నెలో తిండి వాసన చూసి వదిలేసింది. అయిదో రోజు పొట్ట నాకడం మొదలుపెట్టింది. ఏడో రోజుకి కొత్తగా మొలిచిన నూగంతా పోయి, చర్మం ఎర్రబడి, ఒకచోట నెత్తురు చెమర్చింది. హైమవతి మందు రాసింది, కట్టు కట్టింది. పట్టీ మాత్రం సొరుగులోంచి తియ్యలేదు.

తొమ్మిదో రోజు నూకరత్నం చీపురు గోడకానించి వచ్చి ఎదురుగా నిలబడింది.

"అమ్మా, నానొక మాట సెప్తాను, కోప్పడకు."

"చెప్పు."

"ఆ పట్టీ కడితే ఇది తింటాది. ఇప్పేత్తే మానేత్తాది. మరెందుకు కట్టవు?"

"కడితే సంహితని మర్చిపోతుంది, రత్నం." ఆ మాట మొదటిసారి పైకి అంది హైమవతి. "మొత్తం మర్చిపోతుంది."

నూకరత్నం పిల్లి వైపు చూసింది. కట్టు పళ్ళతో లాగి లాగి అలిసిపోయి, తలుపు వారన పడి ఉంది.

"గుంటని నువ్వు కన్నావు. నువ్వు మొయ్యాల. అయ్యగారు మొయ్యాల. ఎత్తుకుని తిరిగినాను కాబట్టి నానూ మోత్తాను." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నోరు నేని పిల్లి సేత మోయిత్తన్నావేటమ్మా? దానికేటి పాపం?"

నూకరత్నం చీపురు తీసుకుని, మిగిలిన గది ఊడ్చి వెళ్ళిపోయింది.

*

ఆ శనివారం గిరిధర్ మధ్యాహ్నమే ఇంటికి వచ్చాడు. హైమవతి ఫోను చేసి, "ఇవాళ కట్టేస్తున్నాను. ఏమైనా మిగిలి ఉంటే ఇదే ఆఖరు. మీరు చూడనంటే బలవంతం చెయ్యను," అని చెప్పింది. ఆయన ఫోను పెట్టేశాడు. గంటలో తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు, నూనె మరకల యూనిఫారంలోనే.

ఇద్దరూ సోఫా మీద పక్కపక్కన కూర్చున్నారు. హైమవతి పట్టీ కట్టింది. టాబ్లెట్ తెర ఆపేసి బోర్లించింది. అంకెలు చూడదలుచుకోలేదు.

పులిహోర తల విదిల్చింది. ఒళ్ళు విరుచుకుంది. ఒక్కసారిగా హాలు మధ్యలోకి దూకి, భోజనాల బల్ల వైపు పరిగెత్తింది. బల్ల మూల దగ్గర దాని ఒళ్ళు ఒక పక్కకి వాలి, వెనక కాళ్ళు పాలరాయి మీద జారి, వంపు తిరిగింది.

"అది!" అన్నాడు గిరిధర్. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అది తనదే. బల్ల మూల పట్టుకుని అలాగే తిరిగేది. ఎన్నిసార్లు చెప్పాను, జారి పడతావే అని..."

చుట్టు సగమే అయింది. రెండో సగంలో పులిహోర బల్లని వదిలేసి నేరుగా బాల్కనీ వైపు పోయింది. వల మీదికి ఎగిరి, గోళ్ళతో పట్టుకుని వేలాడుతూ, పళ్ళు టకటకలాడిస్తూ, లేని పావురాన్ని పిలిచింది. కిందికి దూకి మళ్ళీ ఎగిరింది. దాని తోక నిక్కబొడుచుకుని ఉంది. అంత సంతోషంగా ఉన్న ప్రాణిని ఆ ఇంట్లో ఎవరూ చూసి చాలా కాలమైంది.

గిరిధర్ ఏడ్చాడు. ఆసుపత్రిలో ఏడవలేదు, శ్మశానంలో ఏడవలేదు. ఇప్పుడు మోకాళ్ళ మీదికి వంగి, యూనిఫారం చొక్కా చేతిలో ముఖం దాచుకుని, చిన్నపిల్లాడిలా గుక్కపట్టి ఏడ్చాడు. హైమవతి ఆయన వీపు మీద చెయ్యి వేసి, బాల్కనీలో పిల్లి ఎగరడం చూస్తూ కూర్చుంది.

మర్నాడు పులిహోర బల్ల వైపు పోనే లేదు. ఆ తరవాత ఎప్పుడూ పోలేదు.

వేటపట్టీ నివేదిక మే నెలలో తయారైంది. జ్ఞాపకాలు చెరిగిపోతున్న సంగతి అందులో పెట్టాలని హైమవతి పట్టుబట్టింది. డైరెక్టరు కళ్ళజోడు తీసి, "పిల్లి పాత సంగతులు మర్చిపోతే నష్టమేముందండీ? హాయిగా ఉంది కదా?" అని అడిగాడు. ఆయన అన్నది తప్పని ఆమె అనలేదు. ఆ వాక్యం మాత్రం ఉండాలంది. ఫర్హానా కూడా ఆమె పక్కనే నిలబడింది. ఉంచారు, ముప్ఫై ఆరో పేజీలో, చిన్న అక్షరాలతో.

పులిహోరకి ఇంక పట్టీ అవసరం లేకపోయింది. గిరిధర్ ఒక ఆదివారం డ్రిల్లు తెచ్చి, హాలు గోడకి మెట్లు మెట్లుగా చెక్కలు బిగించాడు. పైచెక్క మీద కూర్చుంటే కొండ దాకా కనిపిస్తుంది. నూకరత్నం గుడ్ల అట్టల్లో ఎండునెత్తళ్ళ చేపలు దాచిపెట్టి, పైన కాగితాలు కప్పి, అక్కడక్కడ పెట్టేది. పిల్లి వాటిని వెతికి, గీకి, లాగి తినడానికి గంట పట్టేది. సాయంత్రాలు భార్యాభర్తల్లో ఎవరు ముందు ఇంటికొస్తే వాళ్ళు దాన్ని ఇరవై నిమిషాలు ఆడించేవాళ్ళు. గిరిధర్‌కి చేతకాదు. తాడు మరీ వేగంగా లాగేస్తాడు. పిల్లి విసుక్కుని చెక్కెక్కి కూర్చుంటుంది. అయినా ఆయన మానలేదు.

జూన్లో మొదటి వాన కురిసిన సాయంత్రం ముగ్గురూ బాల్కనీలో ఉన్నారు. పులిహోర వల దగ్గర కూర్చుని వానచినుకుల్ని చూస్తోంది. దూరంగా సముద్రం మీద మబ్బు దిగింది. గిరిధర్ కాఫీ గ్లాసు కింద పెట్టి, "సంహితని ఒకసారి రేవుకి తీసుకెళ్ళాను," అన్నాడు.

కూతురు పోయాక ఆయన నోట ఆ పేరు హైమవతి వినడం ఇదే మొదటిసారి. తలుచుకున్న ప్రతిసారీ మెదడు కొత్తగా రాసుకుంటుంది. మనుషులకైనా అంతే. ఆ సంగతి ఆమె నాలుక చివరి దాకా వచ్చింది.

"చెప్పండి," అంది.

"టగ్ బోటు ఎక్కిస్తానని తీసుకెళ్ళాను. దార్లో మురీ మిక్చర్ కొనిపెట్టాను. బోటు మీద కూర్చుని తింటుంటే ఊగుతున్న పన్ను ఊడి, పొట్లంలో పడిపోయింది. ఇంక చూడు. ఇద్దరం న్యూస్‌పేపరు పరుచుకుని, ఒక్కొక్క మరమరం ఏరాం. అన్నీ పళ్ళలాగే ఉన్నాయి. దొరకలేదు. 'మింగేశానా నాన్నా?' అని ఏడుపు మొదలెట్టింది. మా బోటు నడిపే సరంగు ఒకాయన, 'మరేటి పర్లేదు, కడుపులో మొలుత్తాది, ఇంకనించి కడుపుతోనే నమిలెయ్' అన్నాడు. ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వింది." గిరిధర్ కూడా నవ్వాడు. చూపుడువేలితో తన పెదవి ఎత్తి చూపించాడు. "ఇక్కడ, పైన, ముందు పన్ను. నవ్వితే ఇంత కిటికీ."

కింది పన్ను అని హైమవతికి గుర్తు. ఆ సాయంత్రం తనే టార్చి వేసి నోరు చూసింది. కిందనే. కిందనే అనుకుంటా. పాప తల వెనక్కి వాల్చి నోరు తెరవడం గుర్తుంది, నాలుక మీద మరమరం పొట్టు గుర్తుంది. పన్ను దగ్గరికి వచ్చేసరికి ఎంత వెతికినా ఆమెకు చీకటిగా ఉంది.

ఏది నిజమో చెప్పగలిగిన మూడోమనిషి ఇంట్లో లేదు.

ఆమె దిద్దలేదు. "తరవాత?" అని అడిగింది. గిరిధర్ కుర్చీ ఆమె వైపు జరుపుకుని చెప్పసాగాడు.